ఇనుముకి కాపలా కాసే డబ్బా

పొలాల మధ్యలోనో, హైవే పక్కనో ఓ స్తంభం, దానికో బూడిదరంగు ఇనప డబ్బా, డబ్బాకి తాళం, పక్కన "గ్యాసు పైపులైను, తవ్వరాదు" అనే పసుపు బోర్డు. చూసే ఉంటారు. మనలో చాలామంది దాన్ని కరెంటు మీటరు అనుకుని వెళ్ళిపోతాం. కొన్ని చోట్ల అది నిజంగా మీటరే. కొన్ని చోట్ల మాత్రం అది కాథోడిక్ ప్రొటెక్షన్ రెక్టిఫయర్. అంటే భూమిలో పాతిన ఉక్కు గొట్టం తుప్పు పట్టకుండా రాత్రింబవళ్ళు దానిలోకి కాస్త కాస్త కరెంటు పంపే యంత్రం.

ఈ డబ్బా చెడిపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. అదే అసలు చిక్కు. లైటు ఆరిపోతే చీకటవుతుంది, ఫ్యాను ఆగితే చెమటపడుతుంది. ఇది ఆగితే గ్యాసు అలాగే పారుతుంది, ఊళ్ళో పొయ్యిలు అలాగే వెలుగుతాయి. ఏళ్ళు గడిచాక ఎప్పుడో గొట్టానికి చిల్లు పడుతుంది. కారణం జరిగినప్పుడు ఫలితం కనపడదు, ఫలితం కనపడేటప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. ఇలాంటి యంత్రాల్లో లోపాలు కనిపెట్టడం మనుషులు ఎలా నేర్చుకున్నారు అనేదే ఈ వ్యాసం. రోజూ కనపడని సర్వర్లకి కాపలా కాసే ఉద్యోగం నాది కాబట్టి, ఈ చరిత్ర నాకు కాస్త ఎక్కువ పట్టిందేమో కూడా!

గోధుమరంగు కాగితం చెప్పిన సంగతి

కథ గొట్టాలతో మొదలవ్వలేదు, ఓడలతో మొదలైంది. 1761లో బ్రిటిష్ నౌకాదళం 'అలార్మ్' అనే చెక్క ఓడ అడుగుభాగానికి రాగిరేకులు కొట్టించింది. చెక్కని తొలిచే సముద్రపు పురుగుల బాధ పోవాలని. రెండేళ్ళ తర్వాత 1763లో విప్పి చూస్తే రాగి బాగానే ఉంది కానీ, దాన్ని పట్టి ఉంచిన ఇనప మేకులు చాలాచోట్ల తినేసినట్టు అయిపోయాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకబ్బా అని చూస్తే, రాగిరేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ఆ మేకుల దగ్గర తీయకుండా వదిలేశారు. కాగితం అడ్డున్న చోట ఇనుము రాగిని తాకలేదు, తుప్పు పట్టలేదు. రాగిని, ఇనుముని ఉప్పునీళ్ళలో ఒకదాన్నొకటి తాకనివ్వకూడదని అప్పుడు తేల్చారు.

ఓల్టా తన బ్యాటరీని లోకానికి చూపించింది 1800లో. అంటే బ్యాటరీ పుట్టకముందే లోపాన్ని పట్టుకున్నారన్నమాట, సిద్ధాంతం లేకుండా. పనిచేసిన మేకుని, పనిచేయని మేకుని పక్కపక్కన పెట్టి "తేడా ఏంటి?" అని అడిగారు, అంతే. ఇవాళ్టికీ మనం బగ్గుల్ని పట్టుకునేది ఇలాగే కదా.

సిద్ధాంతం 1824లో వచ్చింది. ఈసారి సమస్య తిరగబడింది, రాగిరేకులే సముద్రంలో కరిగిపోతున్నాయి. నౌకాదళం హంఫ్రీ డేవీని అడిగింది. రాగికి ఓ చిన్న ఇనప ముక్కో, జింకు ముక్కో అంటిస్తే ఆ ముక్క కరిగి రాగిని కాపాడుతుందని ఆయన చూపించాడు. అప్పట్లో ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న మైకేల్ ఫారడే కూడా ఈ పనిలో సాయపడ్డాడు.

(ఇది మనకి కొత్తేం కాదు. ఇంటి బయట వేసే జీఐ పైపులో చేసేది ఇదే. ఇనుము మీద జింకు పూత. ఎక్కడైనా గీరుకుపోయినా పక్కనున్న జింకు ముందు తను కరిగి ఇనుముని కాస్తుంది.)

1824 మార్చిలో 'సమరాంగ్' అనే ఓడకి ఇనప దిమ్మలు బిగించారు. విశేషమేంటంటే, ఆ ఓడకి రాగిరేకులు వేసింది 1821లో మన దేశంలో. అది నోవాస్కోషియా దాకా వెళ్ళి 1825 జనవరిలో తిరిగొచ్చింది. చూస్తే రాగి భేషుగ్గా ఉంది. ప్రయోగం విజయం. కానీ ఇలా దిమ్మలు బిగించిన ఓడల అడుగున నాచు, గుల్లలు పట్టేవి! రాగి కొంచెం కొంచెం కరుగుతూ ఉంటేనే ఆ విషానికి జీవులు దరిచేరవు. డేవీ కరగడం ఆపేశాడు, దాంతో అవి హాయిగా కాపురం పెట్టేశాయి. అడుగు నిండిన ఓడ వేగంగా పోలేదు. రేకు ఖర్చు మిగలడం కంటే వేగం పోవడం పెద్ద నష్టమని నౌకాదళం ఆ దిమ్మలు తీయించేసింది. డేవీ 1829లో చనిపోయాడు. ఆయన ఆలోచనని పెద్దగా పట్టించుకునే నాథుడు ఆ తర్వాత చాలాకాలం లేకపోయాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. డేవీ కొలిచింది రాగి బరువు. నౌకాదళానికి కావాల్సింది ఓడ వేగం. కొలత సరైనదే, అడిగిన ప్రశ్న వేరు.

ట్రాములు తెచ్చిన రోగం

1888లో అమెరికాలోని రిచ్మండ్ నగరంలో ఫ్రాంక్ స్ప్రేగ్ కరెంటు ట్రాముల్ని పెద్దఎత్తున నడిపి చూపించాడు. తర్వాత ఊరూరా ట్రాములే. వాటికి పైతీగ ద్వారా డీసీ కరెంటు వస్తుంది, పట్టాల ద్వారా తిరిగి పవర్ హౌసుకి పోవాలి. కరెంటుకి పట్టాలే కావాలన్న పట్టింపు లేదు కదా. పట్టాల కీళ్ళు వదులుగా ఉంటే కొంత కరెంటు మట్టిలోకి దిగి, దగ్గర్లో ఉన్న నీళ్ళ గొట్టాన్నో గ్యాసు గొట్టాన్నో పట్టుకుని, పవర్ హౌసు దగ్గర మళ్ళీ మట్టిలోకి దిగేది. దిగిన చోటల్లా గొట్టం కరిగిపోయేది.

ఎంత కరుగుతుందో 1830ల్లో ఫారడే కనిపెట్టిన సూత్రాలతో లెక్క కట్టొచ్చు. ఒక్క ఆంపియర్ డీసీ కరెంటు ఏడాదిపాటు ఇనుములోంచి మట్టిలోకి దిగితే సుమారు 9 కిలోల ఇనుము పోతుంది. గొట్టమంతా సమానంగా అరిగితే ఫరవాలేదు. అలా అవదు, పూత ఊడిన చిన్న చోటనే మొత్తం దిగుతుంది, అక్కడే చిల్లు పడుతుంది.

రోగం అర్థమైతే మందు కూడా అందులోనే ఉంది. కరెంటు బయటికి పోయే చోట ఇనుము కరుగుతోంది, లోపలికి వచ్చే చోట కరగట్లేదు. మరి గొట్టం పొడుగునా కరెంటు లోపలికే వచ్చేటట్టు మనమే పంపితే? ఎడిసన్ 1890లో ఓడల మీద ఇలాంటిదే ప్రయత్నించాడు. సరైన కరెంటు వనరు లేదు, నిలబడే యానోడూ లేదు, కుదరలేదు. జర్మనీలో హెర్బర్ట్ గెప్పర్ట్ 1908లో భూమిలోని గొట్టాల్ని బయటి డీసీ కరెంటుతో కాపాడే పద్ధతికి పేటెంటు పొందాడు.

మైనస్ 0.85

అసలు మలుపు 1928. న్యూ ఆర్లీన్స్‌లో రాబర్ట్ కున్ అనే ఇంజినీరు దూరప్రాంతపు గ్యాసు పైపులైనుకి రెక్టిఫయర్ తగిలించాడు. అమెరికాలో ఆయన్ని ఈ విద్యకి పితామహుడంటారు. నా దృష్టిలో ఆయన గొప్పతనం డబ్బా పెట్టడంలో లేదు, ఒక అంకె ఇవ్వడంలో ఉంది.

మట్టి మీద చిన్న గొట్టం లాంటి పరికరం నిలబెడతారు. అందులో రాగి కడ్డీ, చుట్టూ మైలుతుత్తం ద్రావణం. మల్టీమీటర్ ఒక వైరు దానికి, రెండో వైరు పైపుకి. మట్టిలో ఉక్కు తనంతట తాను మైనస్ 0.5 నుంచి మైనస్ 0.8 వోల్టుల దాకా చూపిస్తుంది. దాన్ని మైనస్ 0.85కి దించితే తుప్పు ఆచరణలో ఆగినట్టేనని కున్ ప్రయోగాల్లో తేల్చాడు. దాదాపు వందేళ్ళయింది, ఇప్పటికీ పైపులైన్ల వాళ్ళు ముందుగా చూసే అంకె ఇదే.

అప్పటిదాకా "తుప్పు పట్టట్లేదు" అని తెలియాలంటే ఏళ్ళ తరబడి ఆగి, తవ్వి చూడాలి. అంకె వచ్చాక తవ్వక్కర్లేదు, ఇవాళే తెలుస్తుంది. కనపడని దాన్ని కనపడేటట్టు చేశాడాయన.

ఇందులోనూ ఓ మెలిక ఉంది. కరెంటు పారుతున్నప్పుడు మట్టిలో కూడా కొంత వోల్టేజి పడిపోతుంది, అది మన కొలతలో కలిసిపోయి గొట్టం ఉన్నదానికన్నా బాగున్నట్టు చూపిస్తుంది. అందుకని రెక్టిఫయర్ని ఓ క్షణం ఆపి, ఆపిన ఆ క్షణంలోనే అంకె చూస్తారు. మందు ప్రభావాన్ని సరిగ్గా కొలవాలంటే మందు ఓ క్షణం ఆపాలన్నమాట!

డబ్బాలో ఏముంది, ఏం చెడుతుంది

డబ్బాలో పెద్ద బ్రహ్మవిద్య లేదు. బయటి ఏసీ కరెంటు ఓ బ్రేకర్ గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత వోల్టేజి ఇవ్వాలో మార్చుకోడానికి ట్యాపులుంటాయి. తర్వాత ఏసీని డీసీ చేసే భాగం. దాని ప్లస్ తీగ దూరంగా భూమిలో పాతిన యానోడ్లకి, మైనస్ తీగ పైపుకి. ఓ వోల్టు మీటరు, ఓ ఆంపియర్ మీటరు, ఫ్యూజులు, పిడుగుల నుంచి కాపాడే అరెస్టర్లు. అంతే.

ఇందులో కాలంతో బాగా మారింది ఏసీని డీసీ చేసే భాగమే. కరెంటు లైన్లు లేని చోట్ల మొదట్లో గాలిమరకి బిగించిన డైనమోలు కూడా వాడారు. 1920ల చివర్లో కాపర్ ఆక్సైడు పలకలొచ్చాయి, తర్వాత సెలీనియం పలకలు, ఆ తర్వాత సిలికాన్ డయోడ్లు. ఒక్కో తరం చచ్చే తీరు ఒక్కో రకం. సెలీనియం మనిషిలాగా మెల్లగా ముసలిదవుతుంది, ఏటికేడు అవుట్‌పుట్ తగ్గుతూ పోతుంది, కాలిపోతే భరించలేని కంపు కొడుతుంది. సిలికాన్ అలా కాదు, ముసలితనం లేదు. బాగా పనిచేస్తుంది, పిడుగు పడుతుంది, పోతుంది. సెలీనియం రోజుల్లో పాత రీడింగులు వరుసగా చూస్తే రాబోయేది తెలిసేది. సిలికాన్ వచ్చాక నిన్నటి రీడింగు రేపటికి హామీ కాదు. యంత్రం మెరుగైన కొద్దీ తరచుగా చూడాల్సిన అవసరం పెరిగింది, తమాషాగా.

ఇక లోపం పట్టుకోవడం. ఈ పని చేసేవాళ్ళ పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. రెండే రెండు అంకెలు, వోల్టులు, ఆంపియర్లు. నిన్న 20 వోల్టులు, 10 ఆంపియర్లు ఉందనుకుందాం.

రెండూ సున్నా అయితే: లోపం డబ్బాకి ఇవతల గానీ డబ్బాలో గానీ ఉంది. కరెంటు వస్తోందా, బ్రేకర్ పడిందా, ఫ్యూజు పోయిందా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిందా అని వరుసగా చూసుకుంటూ రావాలి. బ్రేకర్ ఎత్తిన ప్రతిసారీ పడిపోతుంటే ఓ డయోడు షార్ట్ అయి ఉండొచ్చు.

వోల్టులు 20 ఉన్నాయి, ఆంపియర్లు సున్నా: డబ్బా శుభ్రంగా ఉంది. దారి తెగింది. ఎవరో జేసీబీతో యానోడు తీగ లేపేసి ఉంటారు, లేదా పైపు దగ్గర తీగ ఊడి ఉంటుంది.

10 వోల్టులు, దాదాపు 5 ఆంపియర్లు: ఇది అన్నిటికంటే అందమైనది. రెండూ సగమయ్యాయంటే బయటి నిరోధం మారలేదు, నిన్నా 2 ఓములే, ఇవాళా 2 ఓములే. కాబట్టి బయట అంతా క్షేమం. లోపల బ్రిడ్జిలో ఓ డయోడు తెగిపోయి సగం తరంగమే వస్తోంది.

20 వోల్టులు, 5 ఆంపియర్లు: 4 ఓములైంది. యానోడ్లు అరిగిపోయాయి, లేదా వాటి చుట్టూ మట్టి ఎండిపోయింది. ఒక్కరోజులో ఇలా అయితే కొన్ని యానోడ్లకి వెళ్ళే తీగ తెగిందని. మెల్లగా నెలల మీద అయితే వయసని, లేదా ఎండాకాలమని.

ఓం సూత్రం తప్ప ఇందులో ఏమీ లేదు. తొమ్మిదో పదో తరగతిలో బట్టీ పట్టిన ముక్క. లోపం ఏ సగంలో ఉందో ముందు తేల్చు, ఆ సగాన్ని మళ్ళీ సగం చెయ్యి. మేం దీనికి బైనరీ సెర్చ్ అని పేరు పెట్టుకుని గొప్పలు పోతాం, వీళ్ళు పొలంగట్టు మీద నిలబడి చేసేస్తారు.

వీటన్నిటికంటే ముందు రెండు నియమాలున్నాయి. ఒకటి, డబ్బా తలుపు ముట్టుకునే ముందు డబ్బాకే కరెంటు కొడుతోందేమో టెస్టర్‌తో చూడటం. లోపల కందిరీగలు, ఎలకలు, అప్పుడప్పుడు పాములు కూడా ఉంటాయి, అది వేరే సంగతి. రెండు, డబ్బా మీదున్న మీటర్లని నమ్మకుండా మన మీటరుతో మళ్ళీ కొలవడం. ఎండకీ వానకీ ముల్లు ఇరుక్కుపోయి పది ఆంపియర్ల దగ్గరే ఆగిపోయిన మీటరు, యంత్రం ఆగిపోయిన తర్వాత కూడా పదే చూపిస్తుంది.

అన్నిటికంటే ఘోరమైన తప్పు

రిపేరు చేసేటప్పుడు ప్లస్, మైనస్ తీగలు అటూ ఇటూ మారిపోయాయనుకోండి. వోల్టులు 20, ఆంపియర్లు 10. రెండు మీటర్లూ దివ్యంగా ఉన్నాయి. కానీ ఇప్పుడు పైపే యానోడు. ఏడాదికి 90 కిలోల ఇనుము మట్టిలో కలిసే లెక్కన గొట్టాన్ని మనమే తినిపిస్తున్నాం. ఆగిపోయిన డబ్బా కంటే ఇది చాలా ప్రమాదం. ఆగిపోతే తుప్పు తన వేగంతో పడుతుంది, ఇది దాన్ని పరుగెత్తిస్తుంది. డబ్బాలోని అంకెలు ఎంత చూసినా ఇది దొరకకపోవచ్చు. పైపు దగ్గరికి వెళ్ళి, మైలుతుత్తం గొట్టం నిలబెట్టి కొలిస్తేనే దొరుకుతుంది. యంత్రం పనిచేస్తోందా అన్నది ఒక ప్రశ్న, పని జరుగుతోందా అన్నది మరో ప్రశ్న. డేవీ ఓడ దగ్గర నేర్పిన పాఠమే.

చట్టం దాకా

1943లో అమెరికాలో పదకొండు మంది పైపులైను ఇంజినీర్లు కలిసి తుప్పు నిపుణుల సంఘం పెట్టుకున్నారు. నేస్ అనే పేరుతో ప్రపంచమంతా తెలిసిన సంస్థ అదే, 2021లో మరో సంస్థతో కలిసి యాంప్ అయింది. 1968లో అమెరికా గ్యాసు పైపులైన్ల భద్రతకి చట్టం చేసింది, 1971లో దాని కింద తుప్పు నియమాలు వచ్చాయి. రెక్టిఫయర్ని ఏడాదికి ఆరుసార్లు చూడాలి, రెండు తనిఖీల మధ్య రెండున్నర నెలలకి మించి గడవకూడదు. ఆ రెండో ముక్క లేకపోతే డిసెంబరులో ఆరుసార్లు చూసేసి సంతకాలు పెట్టేవాళ్ళు ఉంటారని రాసినవాళ్ళకి తెలుసు మరి!

తర్వాత డబ్బాలకి సెల్ మోడెములు వచ్చాయి. ఆఫీసులో కూర్చుని రీడింగులు చూసుకోవచ్చు. నియమాలూ మారాయి, దూరం నుంచి చూసినా తనిఖీ కిందే లెక్క. అయితే అలా చూసే ప్రతి రెక్టిఫయర్ దగ్గరికీ ఏడాదికి ఒక్కసారైనా మనిషి స్వయంగా వెళ్ళి తీరాలని 2022 నుంచి షరతు పెట్టారు. డ్యాష్‌బోర్డులు తయారుచేసి బతికే నాలాంటివాళ్ళకి ఈ షరతు ఓ చెంపదెబ్బ, మంచి చెంపదెబ్బ. సర్వర్ బతికే ఉందా అని అడిగే ప్రోగ్రాముకి "బతికే ఉన్నా" అని జవాబిచ్చే సర్వర్, అసలు పని చెయ్యకుండా కూడా ఆ జవాబివ్వగలదు.

డబ్బా చూడలేనిది

ఇంతా చెప్పి ఒకటి చెప్పకపోతే అన్యాయం. ఈ కాపలా అంతా గొట్టం బయటి వైపుకే. లోపలి గోడ దాకా ఈ కరెంటు రాదు. 2000 ఆగస్టులో అమెరికాలోని కార్ల్స్‌బాడ్ దగ్గర గ్యాసు పైపు పేలి, నది పక్కన గుడారాలు వేసుకున్న 12 మంది చనిపోయారు. కారణం లోపలి తుప్పు.

మన దగ్గర, 2014 జూన్ 27 తెల్లవారుజామున, అప్పటి తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలింది. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. విచారణలో తేలింది కూడా లోపలి తుప్పే. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీటితో కలిసిన తడి గ్యాసు పారింది. అలాంటి చోట బయటి డబ్బాలో అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ఒరిగేది ఏమీ లేదు. డబ్బా అడిగే ప్రశ్నలో లోపలి గోడ లేనే లేదు.

మెక్సికోలోని గ్వాదలహారాలో 1992 ఏప్రిల్ 22న ఇంకో రకం. పెట్రోలు పైపుకి పక్కనే వేసిన జింకు పూత నీళ్ళ గొట్టం తగిలి, రెండు లోహాల మధ్య తుప్పు మొదలై, చిల్లు పడి, పెట్రోలు మురుగు కాలవల్లోకి చేరింది. వీధులకి వీధులే లేచిపోయాయి, రెండొందల మందికి పైగా పోయారు. 1763లో మేకుల దగ్గర రాసిపెట్టుకున్న పాఠానికి 229 ఏళ్ళ తర్వాత కట్టిన మూల్యం ఇది.

చెప్పొచ్చేదేమంటే, ఈ చరిత్రలో తెలివైన వాళ్ళకి కొదవ లేదు. డేవీ ఉన్నాడు, ఫారడే ఉన్నాడు, కున్ ఉన్నాడు. కొరత ఎప్పుడూ ఇంకోచోట: రెండున్నర నెలలకోసారి వెళ్ళి, తాళం తీసి, తన మీటరుతో కొలిచి, పాత కాగితంలోని అంకెతో పోల్చి, "ఇది సరిగ్గా లేదు" అని పైకి చెప్పే మనిషి దగ్గర. ఆ మనిషి జీతం ఎంత, అతను చెప్పింది వినేవాళ్ళున్నారా, చెప్పాక ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు అన్నవే పైపు పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళ ప్రాణాల్ని నిర్ణయిస్తాయి. ప్రమాదం జరిగాక నష్టపరిహారం ఎంతని మనం అడుగుతాం, అడగాలి కూడా. జరక్కముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి: ఆఖరిసారి ఎప్పుడు చూశారు? చూసినప్పుడు ఏ అంకె వచ్చింది?

ఈ రెండూ రహస్యాలు కానక్కర్లేదు. పసుపు బోర్డు మీద "తవ్వరాదు" అని రాసిన చోటే, కింద ఇంకో లైనుకి బోలెడు ఖాళీ ఉంది.